షాతివా కొండకోట ఎలా చూడాలి? వాలెన్సియా నుంచి ఒక్కరోజు ప్రయాణం

స్పెయిన్‌లో వాలెన్సియా దాకా వెళ్లినవాళ్లు దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న షాతివాకు ఒక పగలు కేటాయించాలి. కొండ వెన్ను పొడవునా అక్కడ ఒకటి కాదు, రెండు కోటలున్నాయి. తూర్పున చిన్నకోట, పడమట పెద్దకోట.

1. వెళ్లేది ఏ వారమో ముందుగా చూసుకోండి. సోమవారం కోట మూసేస్తారు. చలికాలంలో సాయంత్రం త్వరగా మూస్తారు. జూలై, ఆగస్టు ఎండలకు ఈ ఊరు మాడిపోతుంది, కోటలో నీడ తక్కువ. ఆ నెలల్లోనే వెళ్లాల్సి వస్తే తలుపులు తెరిచే వేళకే పైన ఉండండి. మనిషికి కనీసం లీటరు నీళ్లు, పట్టు జారని బూట్లు తప్పనిసరి.

2. వాలెన్సియాలోని ఎస్తాసియో దెల్ నోర్ద్ రైల్వే స్టేషన్‌లో సెర్కానియాస్ (లోకల్ రైళ్లు) సి-2 రైలు ఎక్కండి. ప్రయాణం సుమారు గంట. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఆ స్టేషన్ పక్కనే 'షాతివా' పేరుతో ఒక మెట్రో స్టేషన్ ఉంది. ఫోన్ మ్యాప్‌లో ఉత్త పేరు కొడితే అదే చూపించవచ్చు, కాబట్టి 'షాతివా కోట' అని వెతకండి. రైల్వే బోర్డుల మీద హాతివా అనే స్పానిష్ రూపం కనిపించినా ఊరు అదే. దిగేదాకా టికెట్ పారేయకండి.

3. స్టేషన్ నుంచి అల్బెరేదా వీధికి నడవండి. అక్కడి పర్యాటక కార్యాలయంలో మ్యాపుతో పాటు కొండెక్కే టూరిస్టు బండి వేళలు కూడా తెలుస్తాయి. ఆ బండి రోజుకు కొద్దిసార్లే తిరుగుతుంది. వేళ కుదరకపోతే టాక్సీ తీసుకోండి. నడిచి ఎక్కాలంటే అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది, దారంతా ఎత్తే. మా సలహా: బండిలో ఎక్కండి, నడిచి దిగండి. దిగే దారిలో 13వ శతాబ్దపు సాంత్ ఫెలియు చర్చి తగులుతుంది.

4. గేటు దాటగానే ఎడమకు, చిన్నకోటకు తిరగండి. ఇది రెండింట్లో పాతది. దీని బురుజు మీద నుంచి పడమటికి చూస్తే పెద్దకోట గోడలన్నీ వరసగా కనిపిస్తాయి. ఉదయమైతే సూర్యుడు మీ వెనక ఉంటాడు, ఫొటో చక్కగా వస్తుంది. మధ్యాహ్నం దాటితే ఎండ ఎదురుకొడుతుంది.

ఆ తర్వాత పెద్దకోట. మెట్లు మెట్లుగా పైకి పోతుంది, కనీసం గంటన్నర ఉంచుకోండి. జైలుగదిని వదలొద్దు. అరగాన్ రాజ్య సింహాసనం తనదేనని పోరాడి ఓడిన ఉర్హెల్ ప్రభువు జౌమె బందీగా ఉండి 1433లో చనిపోయింది ఈ కోటలోనే. కొన్నిచోట్ల గోడ అంచులకు కమ్మీలు లేవు, పిల్లల చెయ్యి వదలకండి.

5. కిందికి వచ్చాక అల్మొదీ మ్యూజియంలో ఐదవ ఫెలిపె చిత్రం చూడండి. 1707లో ఈ ఊరిని తగలబెట్టించిన రాజు ఆయన. అందుకే చిత్రాన్ని తలకిందులుగా వేలాడదీశారు. మూడు వందల ఏళ్లయినా ఊరు ఆ కోపాన్ని దాచుకోలేదు.

6. భోజనం మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య. ఇక్కడి పేరున్న వంట అర్రోస్ అల్ ఫోర్న్, మట్టిపాత్రలో పెట్టి ఓవెన్‌లో వండే అన్నం. శనగలు కనిపిస్తాయి గదా అని శాకాహారులు నమ్మొద్దు. పంది పక్కటెముకలు, నెత్తురు సాసేజీ అందులోనే ఉంటాయి. 'సిన్ కార్నే, సిన్ పెస్కాదో' (మాంసం, చేప వద్దు) అని ముందే చెప్పండి, ఏ రసంలో ఉడికించారో కూడా అడగండి.