కారు టచ్ స్క్రీన్ వైపు చూడకుండా బండి నడపడం ఎలా?

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. ఏసీ తగ్గించడానికి స్క్రీన్ వైపు రెండు సెకన్లు చూస్తే, దాదాపు 56 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. పాత కార్లలో ఏసీ నాబ్‌ను వేళ్లతో తడిమి తిప్పేవాళ్లం. నున్నటి తెర మీద చేతికి ఏదీ తగలదు కాబట్టి చూపు అటు వెళ్లక తప్పదు. 2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పరీక్ష పెట్టింది. 2005 నాటి బటన్ల వోల్వోలో నాలుగు పనులు పది సెకన్లలో అయిపోయాయి. అవే పనులకు ఆ పరీక్షలో అన్నిటికంటే వెనకబడిన టచ్ స్క్రీన్ కారులో దాదాపు 45 సెకన్లు పట్టాయి. ఇది డ్రైవర్ల నిర్లక్ష్యం ఒక్కటే కాదు, కారు తయారీలోని లోపం కూడా. అయినా రోడ్డు మీద ప్రాణం మనది, ఎదుటివారిది. అందుకే ఈ జాగ్రత్తలు.

మొదట, ఆగి ఉన్న బండిలో సాధన చేయండి

పార్కింగ్‌లో అరగంట కూర్చోండి. స్టీరింగ్ మీది బటన్లను చూడకుండా బొటనవేలితో గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి: వాల్యూమ్, ఫోను ఎత్తడం, వాయిస్ బటన్. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు చెప్పిన పనిని తల తిప్పకుండా చేసి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం డీఫాగర్, అంటే అద్దం మీది మసకను పోగొట్టే ఏర్పాటు. విజయవాడ రహదారిపై జోరువాన మొదలైన కాసేపటికే ముందు అద్దం లోపలివైపు తెల్లగా మసకబారుతుంది. సరిగ్గా చూపు అవసరమైన ఆ సమయంలోనే మెనూలు వెతకాల్సి వస్తే ప్రమాదం. డీఫాగర్ గుర్తు ఎక్కడుందో ముందే తెలుసుకోండి. తేమ లోపల ఉంటే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించండి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ ఆపండి. ఏసీ చలికి అద్దం బయటివైపు మసకబారితే వైపర్ చాలు.

గేరు వేసేముందు అన్నీ అమర్చుకోండి

నావిగేషన్, పాటలు, ఏసీ, రాత్రికి స్క్రీన్ వెలుతురు. 2017లో అమెరికాలో రోడ్డు భద్రతపై పరిశోధన చేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ పరీక్షల్లో నావిగేషన్‌లో గమ్యం నింపడానికి సగటున 40 సెకన్లు పట్టింది. అదంతా ఇంటి ముందే ముగించండి. ఏసీకి ఆటో మోడ్ ఉంటే ఉష్ణోగ్రత పెట్టి వదిలేయండి.

ఫోనులో డ్రైవింగ్ మోడ్ వేయండి. లేకపోతే వాట్సాప్ సందేశాలు కారు తెర మీదికీ వస్తాయి.

వాయిస్‌ను నమ్మండి, పూర్తిగా కాదు

నోటితో చెప్పి పని చేయించుకుంటే కళ్లు రోడ్డు మీదే ఉంటాయి కాబట్టి తెర కంటే ఇది మేలు. కానీ ఆలోచన చెదురుతుంది. కొన్ని వ్యవస్థలతో మాట్లాడాక మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల వరకు పడుతుందని 2015లో ట్రిపుల్ ఏ ఫౌండేషనే చేసిన అధ్యయనంలో తేలింది. ఊరి పేరు రెండోసారి కూడా తప్పుగా వింటే వదిలేయండి. పక్కన మనిషి ఉంటే మ్యాప్ పని వాళ్లకు అప్పగించండి.

తప్పనిసరైతే ఆపండి

పెట్రోల్ బంకులో గానీ, ధాబా ముందు గానీ ఆపండి. ఔటర్ రింగ్ రోడ్డు అంచున మాత్రం వద్దు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగండి. దారి తప్పితే పది నిమిషాలు పోతాయి, అంతే.

బండి కదులుతుండగా తెర మీద వీడియో రాకుండా కంపెనీ పెట్టిన లాక్‌ను కొన్ని దుకాణాల్లో తీసేస్తారు. దయచేసి ఆ పని చేయించకండి. ఇప్పటికే చేయించి ఉంటే వెంటనే మళ్లీ లాక్ పెట్టించండి.

కొత్త కారు కొనేటప్పుడు

షోరూములో డ్రైవర్ సీట్లో కూర్చుని కళ్లు మూసుకోండి. వాల్యూమ్, ఏసీ, డీఫాగర్, హజార్డ్ లైట్లు చేతికి అందుతున్నాయేమో చూడండి. ఐరోపాలో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి విడిగా బటన్లో, లివర్లో ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తోంది. మన షోరూముల్లోనూ ఈ మాట అడగాలి. కొన్నిసార్లు అదే కారు కింది వేరియంట్‌లో ఏసీకి తిప్పే నాబ్‌లు ఉంటాయి, ధర కూడా తక్కువ. పై వేరియంట్‌కు బయానా ఇచ్చేముందు దాన్ని కూడా ఒకసారి నడిపి చూడండి.