పెద్ద నగరంలో విందు, షాపింగ్: ముందు జాగ్రత్తలు

• పేరున్న రెస్టారెంట్‌లో టేబుల్ ముందుగా దొరికించుకుని, ఆ తర్వాతే మిగతా రోజును సర్దుకోండి. చాలాచోట్ల బుకింగ్‌కు కార్డు వివరాలు అడుగుతారు. చెప్పకుండా మానేస్తే డబ్బు కోత పడుతుంది. రద్దు గడువు చదివి ఫోనులో అలారం పెట్టుకోండి. ఒంటికి పడని పదార్థాలుంటే అప్పుడే రాయండి. వడ్డించే వేళకు చెబితే వంటగదిలో చేయగలిగేది తక్కువ.

• మిషెలిన్ గైడ్ రెస్టారెంట్లకు ఇచ్చే నక్షత్రాలు వంటకే గాని హంగులకు కావు. మెత్తని కుర్చీలు ఆశించి వెళ్లకండి.

• రోజుకు ఒక్క పెద్ద భోజనం చాలు. వరుసగా పది వంటకాలు వచ్చే విందుకు మూడు గంటలైనా పడుతుంది. సంచులు ముందే గదిలో పడేసి వెళ్లండి. ఒకసారి నాలుగు సంచులు కాళ్ల మధ్య ఇరికించుకుని తిన్నాను, రుచి గుర్తులేదు, తిమ్మిరి గుర్తుంది.

• విదేశంలో కార్డు మిషను "మీ దేశపు కరెన్సీలోనా?" అని అడిగితే స్థానిక కరెన్సీనే నొక్కండి. మన దేశపు కరెన్సీ ఎంచుకుంటే మారకం రేటు సాధారణంగా మనకు నష్టమే.

• పర్యాటకులకు పన్ను వాపసు ఉన్న దేశమైతే పాస్‌పోర్టు, రసీదులు వెంట ఉంచుకోండి. వస్తువులు చూపించమంటారు, కాబట్టి పెట్టె విమానంలోకి పంపకముందే ఆ పని ముగించండి.

• 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాల సీసాలు విమానంలోకి తీసుకెళ్లే చేతి సంచిలో వద్దు.