రాత్రివేళ ఇంట్లో దొంగ పడితే: ఆత్మరక్షణకు ఎంతవరకు బలం వాడవచ్చు

నడిరాత్రి పెరటి తలుపు దగ్గర చప్పుడైనప్పుడు చట్టం ఏమంటుందో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి చొరబడినవాడిపై ఎంతవరకు చేయి చేసుకోవచ్చో, ఎక్కడ ఆగాలో పగటిపూటే తెలుసుకుని, ఇంట్లోవారందరితో ఒకసారి మాట్లాడుకోవడం మంచిది. 2024 జూలై 1న భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఈ ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. పాత చట్టంలో ఇవే 96 నుంచి 106 వరకు ఉండేవి. అంకెలు మారినా సారం దాదాపు అదే కనుక, పాత తీర్పులు నేటికీ పనికివస్తాయి.

మీ ప్రాణాన్నీ ఆస్తినీ మాత్రమే కాక, ఇతరుల ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడేందుకు కూడా బలం వాడే హక్కు 35వ సెక్షన్ ఇస్తుంది. పక్కింట్లో దొంగలు పడితే అడ్డుపడినవారికి కూడా ఈ రక్షణ ఉంటుంది. పారిపోయే వీలుండి కూడా ఎందుకు పారిపోలేదని చట్టం నిలదీయదు. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. అయితే 37వ సెక్షన్ రెండు హద్దులు గీసింది. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు ఉండదు, కాపాడుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. ఫలానావాడు ఈ రాత్రి దొంగతనానికి వస్తాడని సాయంత్రమే తెలిసి, పోలీసులకు చెప్పకుండా నలుగురు కర్రలతో కాపు కాసి వాడిని చావబాదితే, దాన్ని ఆత్మరక్షణ అని నిరూపించడం చాలా కష్టం.

ఎదుటివాడి ప్రాణం పోయేంత బలం ఎప్పుడు చెల్లుతుందన్నదే అసలు ప్రశ్న. చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో, అత్యాచారం చేస్తాడనో, ఎత్తుకుపోతాడనో, యాసిడ్ పోస్తాడనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు 38వ సెక్షన్ దాన్ని అనుమతిస్తుంది. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ వర్తిస్తుంది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు జరిగే హౌస్‌బ్రేకింగ్ (గోడ, తాళం వంటి అడ్డును దాటో, బలం వాడో ఇంట్లోకి చొరబడటం), మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే పరిస్థితుల్లో జరిగే దొంగతనం లేదా ఇంట్లోకి చొరబాటు దీని కిందికి వస్తాయి. పట్టపగలు తీసి ఉన్న తలుపులోంచి వచ్చి బల్ల మీది ఫోన్ జేబులో వేసుకున్నవాడు వీటిలో దేనికిందికీ రాడు. వాడిని పట్టుకోవచ్చు, తగినంత బలంతో ఫోన్ లాక్కోవచ్చు, అంతవరకే.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడ ఉంది. రాత్రిపూట ఇంట్లో అడుగు పెట్టినంత మాత్రాన అది హౌస్‌బ్రేకింగ్ అయిపోదు. 330వ సెక్షన్ దానికి ఆరు విధాలు చెబుతుంది. గోడకు కన్నం వేయడం, గోడ ఎక్కి రావడం, మనుషులు రావడానికి ఉద్దేశించని దారిలో దూరడం, తాళం తీయడం, మూసి ఉందని తెలిసిన తలుపు గడియ తీసి రావడం, బెదిరించో కొట్టో లోపలికి రావడం వంటివి అందులో ఉన్నాయి. ఎండాకాలం ఉక్కపోతకు వీధి తలుపు బార్లా తీసి పడుకున్న ఇంట్లోకి ఒకడు నేరుగా నడిచి వస్తే, అది నేరమే గానీ హౌస్‌బ్రేకింగ్ కాకపోవచ్చు. అప్పుడు ప్రాణాంతకమైన దెబ్బను సమర్థించుకోవాలంటే వాడి వల్ల మీకు నిజంగా ప్రాణభయం కలిగిందని చూపవలసి వస్తుంది. రాత్రి గొళ్లెం పెట్టుకోవడం వల్ల ఇంటికే కాదు, తర్వాత కోర్టులో మీ వాదనకూ బలం వస్తుంది. అలాగని గోడ దూకి వచ్చిన ప్రతివాడినీ చంపవచ్చని అనుకోవద్దు. అవసరానికి మించకూడదన్న 37వ సెక్షన్ హద్దు ఇక్కడ కూడా ఉంటుంది.

చప్పుడు వినగానే లైట్లన్నీ వేసి, "ఎవరది?" అని గట్టిగా అరవండి. చాలామంది దొంగలు ఆ ఒక్క అరుపుతోనే పారిపోతారన్నది ఒక కారణమైతే, వచ్చినవాడు రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరి తాళంచెవి లేక కిటికీ దగ్గర తడుముకుంటున్న మీ అబ్బాయే కావచ్చన్నది రెండోది. అటువంటి పొరపాటును చట్టం ఊహించింది. తన హక్కుతోనే రాత్రి ఇంట్లోకి వచ్చినవాడిని దొంగ అనుకుని మంచి ఉద్దేశంతో కొట్టినవారిది నేరం కాదని 36వ సెక్షన్‌లోని ఉదాహరణ చెబుతుంది. కానీ చట్టం క్షమించినా పోయిన ప్రాణం తిరిగి రాదు. పిల్లలనూ పెద్దవారినీ ఒకే గదిలోకి చేర్చి గడియ పెట్టి, 112కు ఫోన్ చేసి చిరునామా చెప్పండి. దొంగ ముందు గదిలో బీరువా తెరుస్తుంటే, ఆ బంగారం కోసం చీకట్లో వాడికి ఎదురెళ్లడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

వాడు గది తలుపు విరగ్గొట్టి కత్తితో మీదికి వస్తే కర్రో, రోకలో, చేతికందిన వస్తువుతో కొట్టండి. ఆ క్షణంలో దెబ్బను త్రాసులో వేసి తూచమని న్యాయస్థానాలు అడగవు. ఆయుధం కింద పడిపోయి, వాడు లొంగిపోయాక లేదా కదలలేని స్థితికి చేరాక మాత్రం ప్రతి దెబ్బా కొత్త నేరమే. రాత్రి హౌస్‌బ్రేకింగ్ విషయంలో హక్కు వాడు ఇంట్లో ఉన్నంతసేపే ఉంటుందని 43వ సెక్షన్ అంటుంది. సొత్తు పట్టుకుని పరుగెత్తేవాడిని వెంటపడి ఆ సొత్తు వెనక్కి తీసుకునే హక్కు ఉన్నా, వీధిలో వాడిని వెనకనుంచి నరికే హక్కు లేదు. లైసెన్సు లేని తుపాకీ వాడితే, ఆత్మరక్షణ వాదన నెగ్గినా ఆయుధాల చట్టం, 1959 కింద కేసు వేరే ఉంటుంది.

దొరికిన దొంగను కరెంటు స్తంభానికి కట్టేసి ఊరంతా తలో దెబ్బ వేయడం మన పల్లెల్లోనూ కాలనీల్లోనూ తరచుగా చూసేదే. అది ఆత్మరక్షణ కాదు. ఎదుట నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేసినవాడిని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చని అరెస్టు, విచారణల పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. పారిపోకుండా చేతులు కట్టి కూర్చోబెట్టండి, మంచినీళ్లు అడిగితే ఇవ్వండి.

ప్రహరీ చుట్టూ కరెంటు తీగ పెట్టే ఆలోచన అసలే వద్దు. తన మరుగుదొడ్డిలోకి ఇతరులు రాకుండా విద్యుత్ తీగ పెట్టిన ఒకాయనకు, అది తగిలి ఒక స్త్రీ చనిపోవడంతో శిక్ష పడింది. చెరుబిన్ గ్రెగరీ కేసులో 1963లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అనుమతి లేకుండా వచ్చినవాడు కూడా చట్టం రక్షణలోనే ఉంటాడని చెప్పింది. అడవి పందుల కోసం పొలాల్లో తీగలు పెట్టే రైతులు కూడా దీన్ని గుర్తుంచుకోవాలి. తీగకు తగిలేది దొంగో, పసిపిల్లాడో, పక్కింటి ఆవో తెలియదు. ఎదురుగా ప్రమాదం ఉన్నప్పుడు దాన్ని చూసి కొట్టేదే ఆత్మరక్షణ.

ఘర్షణ ముగిశాక 112కు మళ్లీ ఫోన్ చేసి, గాయపడింది దొంగ అయినా అంబులెన్సు అడగండి. నేల కడగవద్దు, కర్రను దాచవద్దు, విరిగిన గడియను అలాగే ఉంచి ఫొటోలు తీయండి. మీకు చిన్న గీత పడినా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని రికార్డు చేయించండి. దొంగ చనిపోతే మీపై కేసు నమోదు కావచ్చు, అరెస్టు కూడా కావచ్చు. అది జరిగినంత మాత్రాన దోషులైపోయినట్టు కాదు. ఆత్మరక్షణ అని చూపవలసిన బాధ్యత సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 108వ సెక్షన్ ప్రకారం మీదే అయినా, నేరాన్ని రుజువు చేసేందుకు ప్రాసిక్యూషన్‌కు ఉన్నంత బరువు మీకు లేదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని కోర్టుకు అనిపిస్తే చాలు. మంచి ఉద్దేశంతో, ముందస్తు పన్నాగం లేకుండా హద్దు దాటినా, భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు వల్ల అది హత్య కాని నరహత్యగా పరిగణించబడుతుంది. వాంగ్మూలం ఇచ్చే ముందు న్యాయవాదితో మాట్లాడండి, లేనిది కల్పించి చెప్పకండి. మీ ఇంటిదే కాక ఎదురింటి సీసీ కెమెరా రికార్డింగు కూడా ఆ రోజే కాపీ తీయించండి, కొద్ది రోజుల్లో దానిమీద కొత్త దృశ్యాలు ఎక్కిపోతాయి.