చిట్టెలుక నెమ్మదించిందా, మత్తులో పడిందా? మొక్కల మందును యాంటీసైకోటిక్‌గా (పిచ్చిని అదుపు చేసే మందుగా) పరీక్షించాలంటే

వైజాగ్‌లో ఎం.ఫార్మసీ చేసేవాళ్లలో ఎవరో ఒకరు పాడేరు వైపు నుంచి ఒక వేరో ఆకో తెచ్చి "దీనికి సీఎన్ఎస్ యాక్టివిటీ చూద్దాం" అంటుంటారు, అంటే మెదడు, వెన్నుపాము మీద పనిచేస్తుందేమో చూద్దామని. మంచిదే. సర్పగంధి వేరు పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తోందని సేన్, బోస్ అనే మన దేశపు వైద్యులు 1931లోనే రాశారు. ఒకే వేరు రెండు పనులూ చేసిందంటే నెమ్మదించిన జంతువును చూడగానే సంబరపడకూడదని అర్థం. బీపీ పడిపోయినా, నిద్ర ముంచుకొచ్చినా అది అలాగే కూర్చుంటుంది.

ముందు మొక్క సంగతి. ఆంధ్రా యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్‌లో గానీ వేరే చోట గానీ తెలిసినవాళ్లకి చూపించి గుర్తింపు రాయించుకోండి, నమూనాకు హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల భాండాగారం) నంబర్ తీసుకోండి. మన సముద్రపు గాలికి నీడలో ఆరేసిన ఆకు ఎండేలోపే బూజు పడుతుంది, కాబట్టి 40 డిగ్రీల ఓవెన్ వాడటం మేలు. మొక్క నుంచి తీసిన సారం, అంటే ఎక్స్‌ట్రాక్ట్, కూడా జిగురుగా మారిపోతుంది, తేమ తగలని డెసికేటర్ పాత్రలో పెట్టండి.

ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క చిట్టెలుకను కూడా ముట్టుకోవద్దు.

తర్వాత సేఫ్టీ. "చెట్టు మందే కదా, ఏం కాదులే" అనేవాళ్లకి నా జవాబు ఒకటే, ఉమ్మెత్త కాయ కూడా చెట్టుదే. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 423వ పద్ధతిలో (ఒక్క డోసు విషప్రభావం చూసే పరీక్ష) ఒక్కో మెట్టుకు 3 జంతువులు, మామూలుగా ఆడవి. హానికరం కాదనడానికి ఆధారం ఉంటే కిలోకు 2000 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చు, లేదంటే 300తో. మందు పోశాక మొదటి అరగంటలో కనీసం ఒకసారి, తర్వాత మొదటి 4 గంటలు జాగ్రత్తగా, ఆపైన 14 రోజులపాటు రోజూ చూడాలి. వణుకు, విరేచనాలు, కళ్లు మూతపడటం, బరువు తగ్గడం అన్నీ రాసుకోండి, ఎందుకంటే చావులు లేకపోయినా ఈ చిన్న గుర్తులే తర్వాతి ఫలితాలకు అర్థం చెబుతాయి. 2000 దగ్గర ఏమీ కాకపోతే చాలామంది 200, 400 డోసులు తీసుకుంటారు. 25 గ్రాముల చిట్టెలుకకు 200 అంటే 5 మిల్లీగ్రాములు, దాన్ని 0.25 మిల్లీలీటర్ల సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే జిగురు) ద్రావణంలో ఇస్తే సరి.

ఇక అసలు పరీక్ష, అపోమార్ఫిన్ క్లైంబింగ్. నిలువు తీగల బోనులో చిట్టెలుకను కాసేపు అలవాటు పడనిచ్చి అపోమార్ఫిన్ చర్మం కింద ఇస్తే, మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు ఉత్తేజమై అది బోను ఎక్కడం మొదలుపెడుతుంది. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటే 0, ముందు కాళ్లు రెండూ తీగ పట్టుకుంటే 1, నాలుగూ పట్టుకుంటే 2. 10, 20, 30 నిమిషాలకు స్కోర్ వేయండి, వేసేవాళ్లకి ఏది ఏ గ్రూపో తెలియకూడదు. అపోమార్ఫిన్ గాలికి, వెలుతురుకు పాడై ఆకుపచ్చగా మారుతుంది, అందుకే కొద్దిగా ఆస్కార్బిక్ ఆసిడ్ కలిపి సీసాకి రేకు చుట్టండి. అలా పాడైన ద్రావణం వాడి "మా మొక్క ఎక్కడాన్ని ఆపేసింది" అని రాస్తే గైడ్‌కి కోపం రావడం న్యాయమే! ఉత్త వెహికల్ (మందు కలపని ద్రావణం) గ్రూపు, పోల్చడానికి హాలోపెరిడాల్ (వాడుకలో ఉన్న యాంటీసైకోటిక్) గ్రూపు తప్పనిసరి.

స్కోర్ తగ్గిందా? అయితే అదే డోసులో రోటారాడ్ (తిరిగే కడ్డీ) మీద ఎక్కించండి. పడిపోతుంటే మీది మత్తుమందో, కండరాలను సడలించేదో అయ్యుండొచ్చు, యాంటీసైకోటిక్ అనలేం. పడకపోతే బార్ టెస్ట్ చేయండి. ముందు కాళ్లను అడ్డకడ్డీ మీద పెడితే మామూలు చిట్టెలుక వెంటనే దిగిపోతుంది, హాలోపెరిడాల్ ఇచ్చినది బొమ్మలా ఉండిపోతుంది. మీ ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కడాన్ని తగ్గించి, బార్ మీద మాత్రం బిగుసుకుపోనివ్వకపోతే, ఆ దుష్ప్రభావం లేదన్నమాట, అది ఆసక్తికరం.

అప్పుడు ఎలుకల్లో పోల్ క్లైంబింగ్‌కి వెళ్లండి. బజర్ మోగితే కింద షాక్ వస్తుందని నేర్చుకున్న ఎలుక ముందే స్తంభం ఎక్కేస్తుంది. యాంటీసైకోటిక్ ఇస్తే బజర్‌ని పట్టించుకోదు గానీ షాక్ తగలగానే ఎక్కుతుంది, మత్తులో ఉన్నది షాక్ తగిలినా ఎక్కలేదు. ఆ రెండు లెక్కలూ వేర్వేరుగా రాసుకోండి, ఎక్కువ రోజులు వాడే మందు అనుకుంటే 28 రోజులు రోజూ డోసు ఇచ్చి విషప్రభావం చూసే ఓఈసీడీ 407 కూడా ప్లాన్‌లో పెట్టుకోండి.