పండగ పిండివంటలు నేర్చుకుందాం – 5వ పాఠం: అరిసెల పాకం

పోయిన పాఠంలో బియ్యం నానబెట్టి తడిపిండి పట్టించడం దాకా వచ్చాం. ఆ పిండి ఇప్పుడు జల్లించి, గిన్నెలో గట్టిగా అదిమి, మీద తడిగుడ్డ కప్పి సిద్ధంగా ఉండాలి. కొంచెం గుప్పెట్లోకి తీసుకుని నొక్కి చూడండి. ముద్ద నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. నిలవకుండా పొడిపొడిగా రాలిపోతుంటే తడి ఆరిపోయిందని అర్థం. అలాంటి పిండితో పాకం ఎంత బాగా కుదిరినా అరిసె గట్టిపడుతుంది. ఎండిన పిండి పాకంలో ఉన్న కాస్త నీటినీ పీల్చేసుకుంటుంది మరి. కాసిని నీళ్ళు చిలకరించి, రెండు చేతులతో రుద్ది, మళ్ళీ జల్లించి అదిమి పెట్టండి.

ఇక పాకం. గారెలు, బూరెలు, బొబ్బట్లు ధైర్యంగా చేసేవాళ్ళు కూడా అరిసెల దగ్గరికొచ్చేసరికి వెనకడుగు వేస్తారు. "మా అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ చేశాం, ఇప్పుడు కొనుక్కుంటున్నాం" అనే మాట చాలా ఇళ్ళలో వినపడుతుంది. ఇదివరకు వీధికొకరు పాకం చూడ్డం తెలిసిన పెద్దావిడ ఉండేవారు. సంక్రాంతి దగ్గరపడుతుంటే ఆవిణ్ణి ఇంటింటికీ పిలుచుకెళ్ళేవారు. ఆవిడ చేసేదల్లా నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో చూడ్డమే. ఆ గుర్తు ఎవరి వేళ్ళకైనా పట్టుబడుతుంది. మన ఇబ్బంది ఏమిటంటే, సరిగ్గా అరిసెలు చేసే రోజునే, పిండి అంతా పక్కన పెట్టుకుని, మొదటిసారి పాకం నేర్చుకోబోతాం. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. అందుకని ముందు పిండి జోలికి పోకుండా ఒట్టి పాకం పట్టి చూద్దాం. చివర్లో అది వృథా కూడా కాదు.

ముందు ఒట్టి పాకం

పావుకిలో బెల్లం దంచి మందపాటి గిన్నెలో వేసి, పావు గ్లాసు నీళ్ళు పోసి సన్నటి మంట మీద కరిగించండి. కరగగానే దించి వడకట్టండి. ఎంత మంచి బెల్లంలోనైనా ఇసకో, చెరుకు పీచో ఉంటుంది. గిన్నె కడిగి, వడకట్టిన బెల్లం నీళ్ళు మళ్ళీ పొయ్యి మీద పెట్టి మంట మధ్యస్థంగా ఉంచండి. పక్కనే ఒక స్టీలు పళ్ళెంలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి. వేయించి పొట్టు తీసిన పావుకిలో వేరుశనగపప్పు, నెయ్యి రాసిన ఇంకో పళ్ళెం కూడా అందుబాటులో ఉండాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మొదట్లో పెద్దపెద్ద బుడగలు వచ్చి పగిలిపోతుంటాయి. ఈ దశలో నీళ్ళలో చుక్క వేస్తే చెదిరి కరిగిపోతుంది. ఇంకాసేపటికి నురగ పైకి పొంగుతుంది, బుడగలు చిన్నవై దగ్గరపడతాయి. ఇప్పుడు ఒక చుక్క రెండు వేళ్ళ మధ్య పట్టి విడదీస్తే తీగ సాగుతుంది. ఇది తీగపాకం. నీళ్ళలో వేస్తే అడుగుకి చేరి పరుచుకుంటుంది కానీ దగ్గరికి తీద్దామంటే వేళ్ళకి చిక్కదు. పంచదారతో చేసే కాజాలకి ఈ పాకం చాలు, అరిసెలకి చాలదు.

ఇక్కణ్ణుంచి మీ కళ్ళు గిన్నె మీదే ఉండాలి. అర నిమిషానికోసారి చుక్క వేసి చూడండి. వేసిన ప్రతిసారీ మంట బాగా తగ్గించండి. మీరు నీళ్ళలో వెతుక్కుంటున్న ఆ కాసేపట్లోనే గిన్నెలో పాకం ముదిరిపోతుంది. చాలామందికి పాకం చెడేది తెలియక కాదు, ఈ కాసేపు మంట అలాగే వదిలేయడం వల్లే. ఒక దశలో నీళ్ళలో పడ్డ చుక్క వేళ్ళతో దగ్గరికి తీస్తే చిన్న ఉండగా వస్తుంది. పైకి తీసి వేలి కొసన పెట్టుకోండి. ఉండ ఉండగానే ఉండి, నెమ్మదిగా ఒక పక్కకి వాలాలి. నొక్కితే మెత్తగా అణగాలి. ఇదే మెత్తటి ఉండపాకం, అరిసెల పాకం. స్టవ్ ఆపేసి, నాలుగైదు చుక్కలు వేసి ఆ మెత్తదనం వేళ్ళకి బాగా తెలిసేలా చూసుకోండి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదొక్కటే.

ఇప్పుడు మళ్ళీ స్టవ్ వెలిగించి ముందుకు పోనివ్వండి. ఉండ గట్టిపడుతుంది, పైకి తీస్తే వాలదు. ఇంకా ఉంచితే పళ్ళానికేసి కొట్టినప్పుడు టంగుమని మోగుతుంది, విరిస్తే పుటుక్కున విరుగుతుంది. అది పల్లీ పట్టీ పాకం. వెంటనే వేరుశనగపప్పు వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచేయండి, వేడి మీదే గాట్లు పెట్టండి. పిల్లలకి తినడానికి పట్టీ వచ్చింది, మీకు పాకం మొదటి నుంచి చివరిదాకా తెలిసింది. మెత్తటి ఉండకీ టంగుమనే ముక్కకీ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉందో మీరే చూశారు కదా. అందుకే "పది నిమిషాలు మరిగించండి" అని ఎక్కడైనా రాసి ఉంటే నమ్మకండి. మంట మారితే, గిన్నె వెడల్పు మారితే, బెల్లంలో తేమ మారితే ఆ లెక్క పనికిరాదు.

జరిగేదేమిటంటే, నీరు ఆవిరైపోతున్న కొద్దీ మిగిలిన ద్రవంలో తీపి చిక్కబడుతుంది, చిక్కబడ్డ కొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. మెత్తటి ఉండపాకం దాదాపు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. వంటింటి థర్మామీటర్ ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు. అయితే ముందు ఒట్టి నీళ్ళు మీ ఇంట్లో ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నాయో చూసుకోండి. బెంగళూరు లాంటి ఎత్తు ప్రదేశంలో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి, కాబట్టి పాకం లెక్క కూడా ఆ మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి. థర్మామీటర్ ఉన్నా సరే, నీళ్ళ పళ్ళెం మాత్రం మానకండి. విదేశాల్లో ఎలక్ట్రిక్ కాయిల్ స్టవ్ మీద చేసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త: స్విచ్ ఆపినా కాయిల్ వేడి పోదు. గిన్నెని పక్కకి దించేయాలి.

బెల్లం సంగతి

అనకాపల్లి బెల్లమైనా, చిత్తూరు బెల్లమైనా, మీ ఊరి బెల్లమైనా ఫరవాలేదు. కొనేముందు చిన్న ముక్క నోట్లో వేసుకోండి. ఉప్పగా తగిలితే వద్దు, ఆ ఉప్పదనం అరిసెలోనూ తెలుస్తుంది. పసుపుపచ్చగా మెరిసిపోయే బెల్లానికి రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చు. ముదురు గోధుమరంగుదే నయం, అరిసెకి రంగూ రుచీ దానితోనే వస్తాయి. జిగటగా చేతికి అంటుకునే బెల్లంతో మాత్రం పాకం నిలబడటం కష్టం. కొట్టువాణ్ణి అరిసెలకని చెప్పి, గట్టిగా ఉండే దిమ్మ అడగండి.

అసలు పాకం

మొదటిసారికి అరకిలో బియ్యం చాలు. పాతిక దాకా అరిసెలొస్తాయి. దానికి 350 గ్రాముల బెల్లం, అర గ్లాసు లోపు నీళ్ళు. నీళ్ళు ఎక్కువైతే కొంపేమీ మునగదు, అవి ఆవిరయ్యేదాకా మీరు ఎక్కువసేపు నిలబడాలి, అంతే. నువ్వులు రెండు చెంచాలు దోరగా వేయించినవి, ఏలకుల పొడి అర చెంచా, నెయ్యి రెండు చెంచాలు పక్కన పెట్టుకోండి. గసగసాలు వేసేవాళ్ళు గసగసాలు వేసుకోవచ్చు. కొబ్బరి ముక్కలు వేసే ఇళ్ళూ ఉన్నాయి. అది మీ ఇష్టం.

ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు పిండి పోయాలి, ఒకరు కలపాలి. ఒక్కరే ఉంటే గిన్నె కదలకుండా కింద పీట మీద పెట్టి, మడిచిన గుడ్డతో బిగించుకోండి. పాకం చర్మానికి అంటుకుంటే ఊడి రాదు, నూనె చింది కాలినదానికన్నా లోతుగా కాలుతుంది. చంటిపిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి.

ఇందాకటి లాగే బెల్లం కరిగించి, వడకట్టి, మరిగించండి. మీ వేళ్ళకి ఇప్పుడు తెలుసు కదా, మెత్తటి ఉండ రాగానే స్టవ్ ఆపేయండి. నువ్వులు, ఏలకుల పొడి, నెయ్యి వేసి ఒకసారి తిప్పండి. వెంటనే పిండి అందుకోండి.

పిండి కలపడం

పిండంతా ఒక్కసారి కుమ్మరించకూడదు. గుప్పెడు గుప్పెడు చల్లుతుంటే, రెండోవాళ్ళు చెక్క తెడ్డుతో అడుగు నుంచి తిప్పుతుండాలి. మొదటి గుప్పెళ్ళు ఇట్టే కలిసిపోతాయి. సగం పిండి పడేసరికి తెడ్డు బరువెక్కుతుంది. పాకం వేడికి పిండి కొద్దిగా ఉడుకుతుంది, వేయించినప్పుడు అరిసె విడిపోకుండా పట్టి ఉంచేది ఈ ఉడుకే. అందుకే పాకం చల్లారేదాకా ఆగి పిండి కలిపితే కుదరదు.

ఎప్పుడు ఆపాలి? తెడ్డుతో పైకెత్తితే చలిమిడి ముద్దముద్దగా, నిదానంగా జారాలి. చపాతీ పిండిలా గట్టిగా అయ్యేదాకా పోశారంటే ఎక్కువ పోసినట్టే. ఇప్పుడు కాస్త జారుగా ఉన్నా, చల్లారేసరికి గట్టిపడుతుంది. పిండి ఒక గుప్పెడో రెండు గుప్పెళ్ళో మిగిలితే మిగలనివ్వండి. బియ్యం నానిన తీరుని బట్టి, పాకాన్ని బట్టి ప్రతిసారీ కొంచెం తేడా వస్తుంది. మిగిలిన పిండి దాచి ఉంచండి, ఇప్పుడే అవసరం పడొచ్చు.

చలిమిడి పైన నెయ్యి రాసి, మూత పెట్టండి. చెయ్యి పెట్టగలిగేంత వేడికి రాగానే ఒక ముక్క తీసి రుచి చూడండి. అసలు మా ఇళ్ళలో పిల్లలు ఎదురుచూసేది దీనికోసమే. సీమంతానికి, ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు పెట్టే చలిమిడి ఇదే కోవకి చెందింది. ఒక ముద్ద విడిగా తీసి ఉంచుకోవడం మీ హక్కు.

ఒక్క అరిసె పరీక్ష

నూనె, నొక్కే చెక్కలు, ఆరబెట్టడం, నిలవ ఇవన్నీ వచ్చే పాఠంలో. కానీ పాకం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఈ రోజే ఒక్క అరిసె వేసి చూడాలి. చిన్న మూకుట్లో కొంచెం నూనె కాచి, నిమ్మకాయంత ఉండ తీసుకుని, నెయ్యి రాసిన ఆకు మీద మరీ పల్చగా కాకుండా తట్టి, మధ్యస్థ మంట మీద వేయండి. అడుగుకి దిగి, కొద్దిసేపట్లో తేలి, పొంగి, రెండు వైపులా ఎర్రగా కాలితే మీ పాకం కుదిరినట్టే.

నూనెలో పడగానే విచ్చుకుని ముక్కలైపోతే పాకం లేతగా ఉండిపోయింది, లేదా పిండి తక్కువైంది. దాచిన తడిపిండి కొంచెం కలిపి బాగా మర్దించి, ఇంకొకటి వేసి చూడండి. తడిపిండి అయిపోతే చెంచాడు గోధుమపిండి కలిపేవాళ్ళూ ఉన్నారు. అరిసె నిలబడుతుంది, కానీ రుచిలో కాస్త తేడా ఉంటుంది. విచ్చుకోకుండా నూనె మాత్రం బాగా పీల్చుకుంటుంటే, అది కూడా లేత పాకమే.

తట్టేటప్పుడే అంచులు పగులుతుంటే పాకం ముదిరింది. గోరువెచ్చని పాలు ఒక్కో చెంచా చిలకరించి, చేత్తో మెదిపి, పావుగంట మూత పెట్టి వదిలేయండి. కొంచెం ముదిరినదైతే దారికొస్తుంది. మరీ ముదిరిపోయి ముద్ద రాయిలా ఉంటే దానితో అరిసెల కోసం తంటాలు పడొద్దు. వేడి మీదే చిన్నచిన్న ఉండలు కట్టుకుని తినేయడం మేలు. రేపు ఇంకో అరకిలో నానబెట్టుకోవచ్చు.

ఈ వంట మనదొక్కళ్ళదే కాదు. తమిళులు అధిరసం అంటారు, కన్నడిగులు కజ్జాయ అంటారు, ఒడిశాలో అరిసా పిఠా. మహారాష్ట్రలో దీపావళికి అనరసేలు చేస్తారు. వాటికి బియ్యం మూడు రోజులు నానబెట్టి, ఒక వైపు గసగసాలు అద్దుతారు. తమిళనాట అధిరసం పిండిని కలిపి ఒక రోజైనా ఊరనిచ్చి అప్పుడు వేయిస్తారు. మన దగ్గర చాలామంది వెచ్చగా ఉండగానే వేయిస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక రాత్రి ఊరనివ్వడమే మంచిదని నా అభిప్రాయం. తడీ తీపీ పిండంతా సమంగా పాకుతాయి, పొద్దున్నకి పిండి తట్టడానికి తేలిగ్గా ఉంటుంది, పాకం చూసిన అలసట కూడా తీరుతుంది.

సంక్రాంతి దాకా ఆగలేనివాళ్ళకి ఇంకో సందర్భం ఉంది. "బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు" అని ఊరికే అనలేదు. ఇంట్లో తప్పటడుగులు వేసే పిల్లలుంటే ఈ అరకిలో వాళ్ళ పేరున చేయండి. అరిసెలు వరసగా పరిచి వాటి మీద నడిపించి, తర్వాత ఇరుగుపొరుగుకి పంచిపెట్టండి.

వచ్చే పాఠానికి కావలసినవి: కిలో నూనె, అరిసెలు నొక్కే చెక్కలు లేదా రెండు చిల్లుల గరిటెలు, తట్టడానికి విస్తరాకు గానీ మందపాటి పాలకవరు గానీ, ఆరబెట్టడానికి గడ్డి లేదా కాగితాలు పరిచిన పళ్ళెం. ఈ రాత్రికి చలిమిడి మీద ఇంకో చెంచా నెయ్యి రాసి, గిన్నె మూత బిగించి, వంటింట్లో బయటే ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుపోతుంది.