పాత పిస్టన్ మళ్ళీ వాడాలంటే ముందు కొలవండి

పొగ కొడుతున్న మారుతి 800 తెచ్చి, "పిస్టన్లు మార్చకుండా ఇంజిన్ పని చేసిపెట్టు అన్నా, డబ్బులు సరిపోవు" అని అడిగేవాళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు. 2014లో తయారీ ఆగిపోయినా ఆ బండి ఊళ్ళలో తిరుగుతూనే ఉంది. వాళ్ళు అడిగేదాంట్లో తప్పేమీ లేదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్లో కూడా రింగులు అరిగిపోయి, పిస్టన్లు మాత్రం బాగా ఉండటం మామూలే. కాకపోతే కంటితో చూసి "బాగానే ఉందిలే" అని బిగించేస్తే నాలుగు నెలల్లో మళ్ళీ పొగ వస్తుంది. పాత పిస్టన్ పనికొస్తుందో లేదో కొలత చెప్పాలి. అందులోనూ ఎక్కువమంది వదిలేసే కొలత ఒకటుంది, పిస్టన్ మీద పై రింగు కూర్చునే గాడి. దాని సంగతి వివరంగా చెబుతాను.

ఇంజిన్ దించకముందే కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) గేజ్ పెట్టి చూడండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోరు (పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి రంధ్రం) అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల మీద అనుమానపడాలి. వాల్వులుండే హెడ్ పనితో పోయేదానికి ఇంజిన్ మొత్తం విప్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

పిస్టన్ బయటికి తీసేటప్పుడే సగం పిస్టన్లు పాడవుతాయి. బోరు పైఅంచున రింగు చేరని చోట ఒక మెట్టు మిగిలి ఉంటుంది, గోటికి తగులుతుంది. దాన్ని రిడ్జ్ రీమర్‌తో తీయకుండా కింద నుంచి సుత్తి పిడితో తోస్తే, రింగు ఆ మెట్టుకు గుద్దుకుని రింగుల మధ్య గోడ విరుగుతుంది. మెట్టు తీశాక, పిస్టన్ ఏ సిలిండర్‌దో, ముందువైపు ఎటో గుర్తు పెట్టుకుని తీయండి. ఎక్కడిది అక్కడికే వెళ్ళాలి, దాన్ని కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ దానికే ఉండాలి. పిన్ కనెక్టింగ్ రాడ్‌లో ప్రెస్ ఫిట్ (బిగుతుగా నొక్కి కూర్చోబెట్టినది) అయితే, ఆడటం లేదని తేలాక దాన్ని కదిలించకండి. కొట్టి తీస్తే పిస్టన్ పోతుంది.

ఇక కడగడం. బ్లాక్‌తో పాటు పిస్టన్లను కూడా కాస్టిక్ సోడా తొట్టిలో వేసే కుర్రాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇనుప బ్లాక్‌కు మంచిదే కానీ పిస్టన్‌కు విషం. వైర్ బ్రష్ చక్రం కూడా వద్దు, అది గాడి అంచుల్ని గుండ్రం చేసేస్తుంది. పిస్టన్‌ను రాత్రంతా డీజిల్లో గానీ కార్బన్ క్లీనర్‌లో గానీ నాననిచ్చి, పైన చెక్కపుల్లతో గోకితే చాలావరకు వస్తుంది. గాడిలో కార్బన్‌కు విరిగిన పాత రింగు ముక్కే మంచి పనిముట్టు. కార్బన్ మాత్రమే రావాలి, తెల్లగా మెరిసే లోహం రాలితే ఆపేయండి. ఆయిల్ రింగు గాడి వెనకున్న చిన్న రంధ్రాలు మూసుకుపోయి ఉంటే, సరిపడే డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పుతూ తెరవండి. అవి మూసుకుపోతే ఎంత కొత్త రింగు వేసినా ఇంజిన్ ఆయిల్ తాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు పై రింగు గాడి. మంట వేడి, ఒత్తిడి ముందు దానికే తగులుతాయి. రింగు లోపల పైకీ కిందికీ కొట్టుకుని గాడిని వెడల్పు చేస్తుంది, అదీ సమానంగా కాదు, బయటి అంచు దగ్గర ఎక్కువ. పాత రింగు కూడా అరిగి ఉంటుంది, అందుకే దానితో కొలవకండి. కొత్త రింగును గాడిలో పెట్టి, పక్కన ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చుట్టూ చూడండి. ఈ సైజు పెట్రోల్ ఇంజిన్లలో కొత్తప్పుడు ఆ సందు సుమారు 0.03 నుంచి 0.07 మి.మీ. ఉంటుంది. 0.12 దాటితే ఆ పిస్టన్‌ను నేను వాడను, స్కర్ట్ (పిస్టన్ కింది పక్కభాగం) అద్దంలా ఉన్నా సరే. వదులు గాడిలో కొత్త రింగు కొట్టుకుని విరుగుతుంది, లేదా ఆయిల్‌ను పైకి పంపు చేస్తుంది. గాడిని లేత్ మీద పెద్దది చేసి స్టీల్ స్పేసర్ వేసే పద్ధతి ఉంది కానీ, పిస్టన్ దొరకని పాత బండ్లకే ఆ తిప్పలు పడాలి. 800కి అక్కర్లేదు.

స్కర్ట్‌ను మైక్రోమీటర్‌తో పిన్‌కు అడ్డంగా, మాన్యువల్ చెప్పిన ఎత్తులో కొలవాలి. పిస్టన్ గుండ్రంగా ఉండదు, తల దగ్గర సన్నం కూడా, అందుకని ఎక్కడ పడితే అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. బోరును బోర్ గేజ్‌తో పైన, మధ్య, కింద, రెండు దిక్కుల్లో చూడండి. 68.5 మి.మీ. బోరుకు పిస్టన్‌తో సందు కొత్తలో సుమారు 0.04 మి.మీ. ఉంటుంది, 0.10 దగ్గరికి వస్తే చల్లటి ఇంజిన్లో పిస్టన్ తట్టే శబ్దం వినిపిస్తుంది. బోరులో కొలతల మధ్య తేడా 0.10 దాటితే బోరింగ్ చేయించి బోరును పెద్దది చేయాల్సిందే. అప్పుడు ఓవర్‌సైజ్ పిస్టన్లు కొనక తప్పదు, పాతవి పక్కన పెట్టేయండి. ఒక జాగ్రత్త: పిస్టన్ తలపై 0.50 లాంటి ఓవర్‌సైజ్ ముద్ర ఉందేమో చూడండి. ఉంటే ఇంతకుముందే బోరింగ్ అయిందన్నమాట, రింగులు ఆ సైజువే కొనాలి.

పగుళ్ళ కోసం పిన్ చుట్టూ, గాడుల మధ్య గోడల్లో వెతకండి. కిరోసిన్‌తో తడిపి, పొడిగా తుడిచి, సుద్దపొడి రాయండి. పగులుంటే కిరోసిన్ పైకి ఊరి చార కనిపిస్తుంది. స్కర్ట్ మీద సన్నటి నిలువు గీతలు పర్వాలేదు, గోరు ఇరుక్కునే గీత, అల్యూమినియం పూసుకుపోయిన మచ్చ ఉంటే తీసేయండి. మూడు పిస్టన్లలో ఒక్కటే మార్చాల్సి వస్తే, గ్రాముల తూకం పెట్టి పాతవాటితో సరిపోల్చుకోండి.

పిస్టన్ల మీద మిగిలిన డబ్బును మంచి కంపెనీ రింగులకు, బేరింగులకు, హోనింగ్‌కు (బోరును రాయితో సన్నగా రుద్దే పనికి) పెట్టండి. అక్కడ మాత్రం బేరం ఆడకండి. బోరు నున్నగా ఉంటే కొత్త రింగు కూర్చోదు, హోనింగ్‌తో గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటేలా పడాలి. ఆ తర్వాత డీజిల్‌తో తుడిచి వదిలేయకండి. సబ్బు కలిపిన వేడినీళ్ళతో, తెల్లగుడ్డకు మసి అంటనంత వరకు కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాయండి.

ప్రతి రింగును ముందు బోరులో విడిగా దింపి, దాని రెండు కొసల మధ్య గ్యాప్ కొలవండి. అరిగిన బోరులో రింగు తిరిగే కిందిభాగమే సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడే కొలవాలి. ఈ బోరుకు 0.2 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉంటే నాకు తృప్తి. ముద్ర ఉన్న వైపు పైకి రావాలి, గ్యాపులు ఒకే వరుసలో పడకూడదు.

స్టార్ట్ చేశాక గంటల తరబడి ఐడిల్‌లో వదలకండి. లోడ్ పడితేనే రింగులు కూర్చుంటాయి, అందుకని ఖాళీ రోడ్డు మీద వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం, ఒకే వేగంతో హైవే ప్రయాణం కొన్నాళ్ళు వద్దు. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఆ లోపు వారానికోసారి డిప్‌స్టిక్ చూసి లెవెల్ రాసిపెట్టుకోండి. మొదట్లో కాస్త తగ్గి తర్వాత నిలబడితే రింగులు కూర్చున్నట్టే. వెయ్యి కిలోమీటర్లు దాటాక కూడా అలాగే తగ్గుతూ ఉంటే బండిని మెకానిక్‌కు చూపించండి, ఆ నంబర్లు రాసిన కాగితం కూడా తీసుకెళ్ళండి.