మూడో రెడ్ కార్డు పడకుండా 20 కిలోమీటర్ల నడక

2025 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో పురుషుల 20 కి.మీ. రేస్ వాక్‌ను బ్రెజిల్ వాకర్ కాయో బోన్‌ఫిమ్ 1:18:35కి గెలిచాడు. అంటే కిలోమీటరు 3:56 లోపే. అదే ఏడాది ఫిబ్రవరిలో కోబేలో 1:16:10తో ప్రపంచ రికార్డు పెట్టిన తోషికాజు యమనిషి కూడా ఆ రేసులో ఉన్నాడు. నడక తప్పినందుకు జడ్జిలు రాసే రెడ్ కార్డులు మూడు పడి, పెనాల్టీ జోన్‌లో (శిక్షగా ఆగాల్సిన చోట) రెండు నిమిషాలు పోగొట్టుకుని, సొంతగడ్డ మీద పతకానికి దూరమయ్యాడు. అందరికంటే వేగంగా నడవగలిగినవాడికే ఇలా జరిగిందంటే, రేసు ప్లాన్‌లో కిలోమీటరు టైములతో పాటు కార్డుల లెక్కా ఉండాల్సిందే. 1:20:00 చుట్టుపక్కల నడవగలిగిన వాకర్, అతని కోచ్ ఆ లెక్క ఎలా వేసుకోవాలో చూద్దాం.

ముందే ఒక మాట. 2026 నుంచి పెద్ద పోటీల్లో 20 కి.మీ. స్థానంలో హాఫ్ మారథాన్, 35 కి.మీ. స్థానంలో మారథాన్ దూరం వచ్చాయి. 3:56 వేగానికి అదనపు 1,097 మీటర్లు దాదాపు 4 నిమిషాల 19 సెకన్ల పని. ఇక్కడ లెక్కలన్నీ 20 కి.మీ.కి వేసినవి, కొత్త దూరానికి ఆ చివరి ముక్క కలుపుకుంటే సరిపోతుంది.

జడ్జి దేన్ని చూస్తాడు

నియమాలు రెండే. కంటికి కనిపించేలా రెండు పాదాలూ ఒకేసారి నేల విడవకూడదు. ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి, శరీరం దాని మీద నిటారుగా నిలిచేదాకా మోకాలు వంగకూడదు. మొదటి నియమంలో ‘కంటికి కనిపించేలా’ అన్న ముక్కే కీలకం. ఈ వేగంలో ప్రతి అగ్రశ్రేణి వాకరూ అడుగుకి కొన్ని మిల్లీసెకన్లు గాల్లో ఉంటాడు. జడ్జిలకు కెమెరా సాయం ఉండదు, మామూలు కంటితోనే చూస్తారు. గాల్లో గడిచే సమయం 40 మిల్లీసెకన్లు దాటేసరికి కంటికి దొరకడం మొదలవుతుంది.

దీన్ని ఇంటి దగ్గరే కొలవొచ్చు. ఫోన్‌ను మోకాలి ఎత్తున స్టాండుకు బిగించి, పక్క నుంచి సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయండి. వెనక కాలి బొటనవేలు లేచిన ఫ్రేము నుంచి ముందు మడమ ఆనిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. ఆరేడు ఫ్రేములైతే నిశ్చింతగా ఉండొచ్చు, తొమ్మిది పది వస్తే కార్డు గుమ్మంలో ఉన్నట్టే. తాజా కాళ్లతో తీసిన వీడియో చూసి మురిసిపోతే లాభం లేదు. 15 కిలోమీటర్లు గట్టిగా నడిచాక తీసిందే పనికొస్తుంది. కుడి ఎడమలు విడివిడిగా కొలవండి, చాలామందికి ఒక కాలే ఎక్కువ లేస్తుంది.

రోడ్డు రేసులో చీఫ్ జడ్జితో కలిపి ఆరు నుంచి తొమ్మిది మంది జడ్జిలు ఉంటారు. తప్పు జరగబోతోందనిపిస్తే జడ్జి పసుపు ప్యాడిల్ (పిడి ఉన్న చిన్న పలక) చూపిస్తాడు. దాని మీద అల లాంటి గీత ఉంటే కాంటాక్ట్, అంటే నేలతో పాదానికి ఉండాల్సిన స్పర్శ, పోతోందని, కోణం గుర్తు ఉంటే మోకాలు వంగుతోందని అర్థం. ఒకే జడ్జి ఒకే తప్పుకు రెండోసారి పసుపు చూపించడు. తప్పు స్పష్టంగా కనిపిస్తే రెడ్ కార్డు రాస్తాడు. దానికి ముందు పసుపు చూపించి తీరాలన్న నియమం లేదు. రెడ్ కార్డు రాసినట్టు మీకు ముఖాన చెప్పేవారు కూడా ఉండరు, కోర్సు పక్కనున్న బోర్డు మీద మీ నంబరు ఎదురుగా గుర్తు పడుతుంది, అంతే.

ఒక జడ్జి ఒక వాకర్‌కి ఒక్క రెడ్ కార్డే ఇవ్వగలడు. ముగ్గురు వేర్వేరు జడ్జిల నుంచి మూడు పడితే పెనాల్టీ జోన్‌కి వెళ్లాలి. 20 కి.మీ.కి శిక్ష రెండు నిమిషాలు. 3:56 వేగంలో అది 500 మీటర్లకు పైమాటే. నాలుగోది పడితే అనర్హత. మూడో కార్డు మరీ ఆఖర్లో పడి జోన్‌కి పంపే వీలు లేకపోతే ఆ రెండు నిమిషాలూ మీ టైముకు కలుపుతారు.

కాలు ఎందుకు లేస్తుంది, మోకాలు ఎందుకు వంగుతుంది

రెండు తప్పులకూ తరచుగా మూలం ఒకటే. శరీరానికి మరీ ముందు మడమ వేయడం. అడుగు పొడవు పెంచాలంటే తుంటిని తిప్పి, వెనక కాలు నేలను ఇంకాస్త సేపు నెట్టాలి. ముందుకు చాచితే బ్రేకు పడుతుంది, ఆ బ్రేకును దాటడానికి ఒళ్లు పైకి ఎగురుతుంది. 1:18:35 వేగంలో నిమిషానికి 200 అడుగులు వేస్తే ఒక్కో అడుగు దాదాపు 1.27 మీటర్లు. అడుగుల జోరు 190కి పడిపోయినా అదే వేగం పట్టాలని చూస్తే అడుగు 1.34 మీటర్లకు సాగాలి. కార్డులు పడేది అక్కడే.

కాలు లేవడానికి ఇంకో పెద్ద కారణం చేతులు. మోచేయి 90 డిగ్రీల దగ్గర వంచి, పిడికిలి వెనక తుంటి ఎముక నుంచి ముందు రొమ్ము ఎముక కింది అంచు దాకా మాత్రమే ఊగాలి. పిడికిలి గడ్డం వైపు ఎగబాకిందంటే భుజం లేస్తుంది, భుజంతో తల లేస్తుంది. దూరం నుంచి చూసే జడ్జికి ముందు కనబడేది మీ పాదం కాదు, గుంపులో ఎగిరెగిరి పడుతున్న తల. ముందుకు వచ్చే కాలి మోకాలిని కిందనే ఉంచి, పాదం నేలను రాసుకుంటూ పోతున్నట్టు తీసుకురండి.

మోకాలు వంగడం వేరే సంగతి. తొడ వెనక కండరాలు బిగుసుకుపోయినా, తొడ ముందు కండరాలు అలిసినా, కాలి వేళ్లు పైకి లేపి ఉంచే ముంగాలి కండరం చచ్చుబడినా కాలు సాగకుండానే నేలను తాకుతుంది. ఇది రేసు మధ్యలో సర్దుకోవడం చాలా కష్టం. అలవాటు శిక్షణలోనే పడాలి. వారానికి మూడుసార్లు, బరువు లేకుండా, మడమ మీద నడక 4 సార్లు 30 మీటర్లు, కాళ్లు బిగదీసి చేతులు వెనక కట్టుకుని నడక 4 సార్లు 50 మీటర్లు చేయించండి. స్వల్పంగా ఎత్తెక్కే రోడ్డు మీద 200 మీటర్లు 8 సార్లు నడిపిస్తే మోకాలి లోపం వెంటనే బయటపడుతుంది, ఎక్కుడులో కాలు సాగదీయడం కష్టం కాబట్టి. దిగుడులో దీనికి రివర్స్, కాంటాక్ట్ పోతుంది. మీ లోపం ఏదో తెలుసుకుని ఆ వాలు ఎంచుకోండి.

శిక్షణలో ముంగాలి ముందు భాగం రాయిలా గట్టిపడి పాదం చప్పుడు చేస్తూ పడుతుంటే ఆ రోజుకు ఆపేయాలి. నొప్పి ఓర్చుకుని నడిచిన కిలోమీటర్లు తప్పుడు నడకనే నేర్పిస్తాయి.

కోర్సు, బూట్లు, సీసాలు

ఛాంపియన్‌షిప్ లూపు కిలోమీటరుకు తగ్గదు, రెండు కిలోమీటర్లు దాటదు. కిలోమీటరు లూపైతే ఒకే జడ్జి మిమ్మల్ని 20 సార్లు చూస్తాడు. ముందురోజే లూపంతా నడిచి మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. యూటర్న్, వాలు మారేచోటు, రిఫ్రెష్‌మెంట్ టేబుల్ నుంచి బయటపడేచోటు. యూటర్న్‌లోకి పొట్టి అడుగులతో వెళ్లి, బయటికి వచ్చాక పోయిన రెండు మీటర్లు 100 మీటర్లలో మెల్లగా పూడ్చుకోండి. నాలుగడుగుల్లో పూడ్చేద్దామని ఎగబడేవాళ్ల కోసమే అక్కడ జడ్జిలు కాపు కాస్తారు.

బూటు అడుగు మందం రోడ్డు పోటీల్లో 40 మిల్లీమీటర్లు దాటకూడదు. పరిమితి అంతుందని అంతా వాడుకోవక్కర్లేదు. తిరిగి ఎగదన్నే మందపు ఫోమ్ పరుగుకు వరమేమో గానీ, కాంటాక్ట్ గండం ఉన్న వాకర్‌కి అది కొరివి. మడమ వెనక అంచు కాస్త చెక్కినట్టుండి, ముందు భాగం చేత్తో వంచితే వంగేదైతే పాదం దొర్లుతూ పోతుంది. కనీసం 100 కి.మీ. నడిచిన జత వేసుకోండి.

సీసాలు మెత్తనివి, 200 మిల్లీలీటర్లవి చాలు. 150 మాత్రమే నింపండి, నిండుగా ఉంటే మొదటి పిండుకే చొక్కా మీద పడుతుంది. ల్యాపు నంబరు పెద్దగా రాసి, మూతకు మెరిసే రంగు టేపు జెండాలా అంటించండి. గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్కన సర్దుకోవాలి. కడుపు అలవాటు పడకపోతే 12వ కిలోమీటరులో తిప్పేస్తుంది కాబట్టి ఆరు వారాల ముందు నుంచే గట్టి సెషన్లలో అదే ద్రావణం తాగించాలి. సీసా అందుకునేటప్పుడు చేయి తుంటి ఎత్తులోనే చాచండి. చేయి పైకెత్తితే భుజం లేస్తుంది, దాంతో పాటు పాదం. టేబుల్ దగ్గర కాకుండా వేరేచోట ఎవరు ఏది అందించినా తీసుకోవద్దు, అది హెచ్చరికకు, మళ్లీ చేస్తే అనర్హతకు దారి తీస్తుంది.

వేడి ఉండే ఊరైతే 10 నుంచి 14 రోజుల ముందే చేరాలి. స్టార్టుకు ముందు ఐస్ జాకెట్, తురిమిన ఐస్ పానీయం, రేసులో టోపీ కింద ఐస్, మెడకు తడి స్పాంజి. స్పాంజిని తొడల మీద పిండొద్దు, నీళ్లు బూట్లలోకి దిగి అరికాలు బొబ్బలెక్కుతుంది.

1:20:00 రేసు, ల్యాపు ల్యాపుకీ

సగటు కిలోమీటరుకు 4:00. మొదటి కిలోమీటరు 4:04 నుంచి 4:06 మధ్య పెట్టండి. స్టార్టు గుంపులో మోచేతులు తగిలి, లయ కుదరక కాళ్లు లేచేది అప్పుడే. జడ్జిలూ తాజాగా ఉంటారు. 5 కి.మీ. 20:10, 10 కి.మీ. 40:10, 15 కి.మీ. 60:05 దాకా వచ్చినా ఫర్వాలేదు. ఛాంపియన్‌షిప్ రేసులు తరచుగా చివరి 5 కిలోమీటర్లలోనే తేలుతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈక్వడార్ వాకర్ బ్రయాన్ డేనియల్ పింటాడో 1:18:55కి గెలిస్తే, కాంస్యం పట్టిన అల్వారో మార్టిన్ 1:19:11కి వచ్చాడు. పతకాలన్నీ 16 సెకన్లలో సర్దుకున్నాయి. ఆ ఆఖరి వేగం కార్డులు ఖాళీగా ఉన్నవాడిదే.

కార్డులను బట్టి చేయాల్సింది ఇది. అల గీత పసుపు కనబడితే వేగం తగ్గించకుండానే రెండు నిమిషాలు పిడికిళ్లు రెండంగుళాలు కిందికి దించి, అడుగు పొట్టి చేసి, అడుగుల జోరు పెంచండి. కోణం గుర్తు కనబడితే కిలోమీటరుకు మూడు నాలుగు సెకన్లు వదిలేసి, కాలివేళ్లు పైకి లాగి మడమతో దిగడం మీద మనసు పెట్టండి. ఒక రెడ్ పడితే ప్లాన్ మార్చక్కర్లేదు. 12వ కిలోమీటరు లోపు రెండు పడితే మాత్రం గుంపు లాగినా వెంటపడొద్దు. ఐదు సెకన్లు తగ్గి నడిస్తే మిగిలిన 8 కిలోమీటర్లకు పోయేది 40 సెకన్లు, మూడోది పడితే పోయేది 120. చివరి 3 కిలోమీటర్లలో రెండు ఉండి, ముందున్నవాడు పతకం దూరంలో ఉంటే తెగించొచ్చు. అది కోచ్ ముందే వాకర్‌తో మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన సంగతి, అక్కడికక్కడ అరిచి చెప్పేది కాదు.

బోర్డు చదవడానికి ఒక మనిషిని విడిగా పెట్టండి. వాకర్ ప్రతి ల్యాపులో దాన్ని చూడాలి గానీ, అలిసిన కళ్లు పొరపాటు పడతాయి. జడ్జి రాసిన కార్డు బోర్డు మీదికి ఎక్కడానికి కాస్త టైము పడుతుంది కూడా. అందుకే బోర్డు మీద రెండు కనబడితే మూడోది దారిలో ఉందనుకునే నడవాలి.

ఆఖరి 100 మీటర్లు వేరే ప్రపంచం. పెద్ద పోటీల్లో అక్కడ నడక నియమాన్ని బాహాటంగా తప్పితే, అప్పటిదాకా ఒక్క కార్డూ లేకపోయినా, చీఫ్ జడ్జి ఒక్కడే అనర్హుణ్ని చేయగలడు. స్ప్రింట్ 300 మీటర్ల దగ్గర మొదలుపెట్టి, ఆఖరి వందలో అడుగుల జోరు మీద మాత్రమే ఆధారపడండి.

గీత దాటగానే జెండా కప్పుకోవద్దు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ 20 కి.మీ.లో మెక్సికో వాకర్ బెర్నార్డో సెగురా మొదట గీత దాటాక అనర్హుడయ్యాడు, స్వర్ణం పోలెండ్ వాకర్ రాబర్ట్ కోర్జెనియోవ్‌స్కీకి దక్కింది. కోచ్ నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి ఆఖరి గుర్తులు చూసుకుని, ఫలితాల షీటులో పెనాల్టీ కలిపారో లేదో సరిచూడాలి. వాకర్ ఈలోగా సీలు తీయని నీళ్ల సీసానే తాగాలి, పక్కన డోప్ టెస్టు మనిషి నిలబడి ఉండవచ్చు.